కథాలోకంలో తిరుగుబాటుదారులకు ఏ సాధనం ఇవ్వాలి? గుట్టు సందేశాల పోలిక, ఎంపిక

మెట్ట ఊళ్ల తిరుగుబాటు మీద మేం కొందరం కలిసి ఒక కథాలోకం అల్లుతున్నాం. నల్లగొండ వైపు ఒకరు, దేవరకొండ వైపు ఒకరు, అమ్రాబాద్ అడవి ఒకరు, గద్వాల నడిగడ్డ ఒకరు రాస్తున్నారు. ఈ లోకంలో కృష్ణ మీది ఎత్తిపోతలు, కాలువలు, చెరువులు అన్నీ ‘తూము దొరల’ చేతిలో ఉంటాయి. ఫోన్ టవర్లూ వాళ్లవే. నీళ్ల కోసం లేచిన ఊళ్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవాలి, ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారో మాత్రం దొరలకు తెలియకూడదు. దానికి ఏ సాధనం కనిపెట్టాలన్నది మా మధ్య చాలా చర్చ జరిగిన విషయం. ఇలాంటి లోకం మీరూ కలిసి రాస్తుంటే ఈ పోలిక పనికొస్తుందని రాస్తున్నాను.

నిజంగా ఉన్న సాధనాలను, లేదా ఉన్నవాటి నుంచి ఊహించగలిగిన వాటినే తీసుకున్నాను. మంత్రపు అద్దాలు, మనసుతో మనసు మాట్లాడుకోవడం వంటివి వదిలేశాను. వాటికి లోపం ఉండదు. లోపం లేని సాధనం చేతిలో ఉంటే పాత్రలకు భయం ఉండదు, చదివేవాళ్లకూ ఉండదు. నా ఎంపిక ఏంటో ముందే చెప్తాను: నిదానంగా పోయేదాన్ని తీసుకోండి. ఎందుకో చెప్పాలంటే మిగతావన్నీ ఒకసారి చూడాలి.

ముందు దొర చూపు ఎంత దూరమో తేల్చుకోండి

మాటను దాచడం ఒక పని, మనిషిని దాచడం వేరే పని. మొదటిదానికి సంకేత లిపి చాలు. చీటీ దొరికినా అందులో ఏముందో దొరకు అర్థం కాదు. కానీ రోజూ రాత్రి పది గంటలకు హాలియా నుంచి దేవరకొండకు ఏదో ఒకటి పోతోందని తెలిస్తే అతనికి అదే ఎక్కువ. చీటీ చదవాల్సిన పని లేకుండానే రెండు చోట్లా ఇళ్లు సోదా చేయిస్తాడు. అందుకని ఏ సాధనం ముందుకొచ్చినా మూడు ప్రశ్నలు అడగండి. పంపినవాళ్లు దొరుకుతారా? అందుకున్నవాళ్లు దొరుకుతారా? ఆ ఇద్దరికీ సంబంధం ఉందని బయటపడుతుందా?

ఈ ప్రశ్నలకు జవాబు శత్రువును బట్టి మారుతుంది. తన ఊరి టవర్ ఒక్కటే చూడగలిగే చిన్న దొర వేరు, అన్ని టవర్లనూ ఒకేసారి ఒకే గదిలో కూర్చుని చూడగలిగే దొర వేరు. మీ బృందంలో ఒకరు మొదటి రకం శత్రువును, ఇంకొకరు రెండో రకం శత్రువును రాస్తుంటే పదో అధ్యాయం కల్లా కథ అతకదు. కాబట్టి సాధనం కంటే ముందు శత్రువు మీద అందరూ ఒక మాట మీదకు రావాలి.

ఫోన్ నుంచి ఫోన్‌కు

అందరికీ మొదట తట్టేది ఇదే: టవర్ లేకుండా బ్లూటూత్ మీద ఒక ఫోన్ నుంచి పక్క ఫోన్‌కు, అక్కడి నుంచి ఇంకో ఫోన్‌కు మాట దూకుతూ పోవడం. 2014లో హాంకాంగ్ నిరసనల్లో ఫైర్‌చాట్ అనే యాప్‌ను జనం ఇలాగే వాడారు. అక్కడ రోడ్ల నిండా మనుషులున్నారు, పనిచేసింది. బ్లూటూత్ మామూలుగా కొన్ని పదుల మీటర్లకు మించి అందదు. నల్లగొండ క్లాక్ టవర్ దగ్గర ధర్నా సీన్ రాస్తే సరిపోతుంది. చందంపేట మండలంలో ఒక తండాకూ ఇంకో తండాకూ మధ్య ఉన్న గుట్టల్లో ఎవరి ఫోన్ మీదుగా దూకుతుంది? ఒక సీన్‌కు పనికొస్తుంది, లోకం మొత్తానికి ఆధారం కాదు.

గుట్ట మీది రేడియో

దక్షిణ తెలంగాణలో రాసేవాళ్లకు గుట్టలే పెద్ద ఆస్తి. భువనగిరి, దేవరకొండ, కోయిలకొండ, ఘణపురం, ఎక్కడ చూసినా రాతి గుట్ట, దాని మీద కోట. తక్కువ కరెంటుతో ఎక్కువ దూరం పోయే లోరా అనే రేడియో పద్ధతి నిజంగానే ఉంది. మన దేశంలో 865 నుంచి 868 మెగాహెర్ట్జ్ మధ్య దీన్ని లైసెన్సు లేకుండా వాడుకోవచ్చు. అడ్డం లేకుండా గుట్ట మీది నుంచి గుట్ట మీదికైతే మాట కిలోమీటర్ల కొద్దీ పోతుంది, చిన్న సోలార్ పలక మీద నెలల తరబడి నడుస్తుంది. కృష్ణ లోయలోకి దిగితే మాత్రం అందదు. నల్లమల గట్లు అడ్డొస్తాయి. ఎవరికి అందుతుంది, ఎవరికి అందదు అన్నది భూమి నిర్ణయించడం కథకు మంచిది.

దీనిలో తెలుగువాళ్లు మాత్రమే రాయగల ఇబ్బంది ఇంకొకటి ఉంది. ఒక విడతలో ఇది 255 బైట్లకు మించి మోయలేదు. కంప్యూటర్ మామూలుగా తెలుగును దాచే పద్ధతిలో ప్రతి గుర్తుకూ మూడు బైట్లు పడతాయి, గుణింతం ఒక గుర్తు, పొల్లు ఒక గుర్తు. ‘దేవరకొండ’ అంటే ఎనిమిది గుర్తులు, 24 బైట్లు. ‘దేవరకొండకు నీళ్లు వదిలారు’ అన్న చిన్న వాక్యానికే 71 బైట్లు పోతాయి. ఒక్క విడతలో అలాంటి వాక్యాలు మూడు పడితే గొప్ప. కాబట్టి మీ తిరుగుబాటుదారులు అంకెల పుస్తకం ఒకటి తయారు చేసుకోవాలి: ఇన్నో నంబరు అంటే ఫలానా చెరువు, ఇన్నో నంబరు అంటే తూము తెరిచారు, ఇలాగ. ఆ పుస్తకం ఎవరి దగ్గర ఉంది, ఒక ప్రతి పోతే ఏమవుతుంది అన్నదే ఒక నవల.

అంకెల పుస్తకం వల్ల ఇంకో మేలు కూడా ఉంది. మనిషి పేరు దాచినా యాస దాగదు. నడిగడ్డ మనిషి రాసిన నాలుగు వాక్యాలకూ సూర్యాపేట మనిషి రాసిన నాలుగు వాక్యాలకూ తేడా ఇక్కడివాళ్లు ఇట్టే పసిగడతారు. రాసే తీరును బట్టి మనిషిని పట్టుకునే పద్ధతులు కంప్యూటర్ శాస్త్రంలోనూ ఉన్నాయి. దొర దగ్గర పనిచేసే గుమాస్తా మన ఊరివాడే అయితే ఉత్తరం తెరిచిన నిమిషంలో జిల్లా చెప్పేస్తాడు. అంకెలకు యాస ఉండదు.

రేడియో అసలు లోపం పంపేటప్పుడు బయటపడుతుంది. గాల్లోకి వదిలిన సిగ్నల్ అన్ని దిక్కులకూ పోతుంది. రెండు చోట్ల నుంచి అది వచ్చే దిక్కు కొలిచి, మ్యాప్ మీద రెండు గీతలు గీస్తే అవి కలిసే చోట గుట్ట దొరుకుతుంది. అందుకున్నవాళ్లు క్షేమం, పంపినవాళ్లు కాదు.

అద్దం వెలుగు

రేడియోకు పాత అక్క లాంటిది హీలియోగ్రాఫ్. ఎండను అద్దంతో దూరపు గుట్ట మీదికి కొట్టి, ఆపుతూ వదులుతూ మాట పంపడం. పందొమ్మిదో శతాబ్దం చివర సైన్యాలు దీన్ని బాగా వాడాయి. ఆకాశంలో సూర్యబింబం అర డిగ్రీ వెడల్పుంటుంది కాబట్టి, అద్దం నుంచి వెళ్లిన వెలుగు పది కిలోమీటర్లు పోయాక కూడా సుమారు 90 మీటర్ల వెడల్పుకే పరుచుకుంటుంది. ఆ మచ్చలో నిలబడ్డవాళ్లకే అది కనిపిస్తుంది. పక్క పొలంలో ఉన్న దొర మనిషికి ఏమీ తెలియదు. పంపినవాళ్ల చోటును ఇంత బాగా దాచే సాధనం ఇన్నింటిలో ఇంకోటి లేదు. పైగా మన ఎండలకు కొదవ లేదు.

రాత్రి, మబ్బు, వానాకాలం దీనికి అడ్డు. అంతకంటే పెద్ద అడ్డు ఏంటంటే, అద్దం పట్టినవాళ్లకు అవతలివాళ్లు ఎక్కడున్నారో కచ్చితంగా తెలిసి ఉండాలి. లేకపోతే గురి పెట్టలేరు. ఒకరు పట్టుబడితే ఇంకొకరి చోటు చెప్పగలుగుతారు. ఇద్దరు తెగించిన మనుషుల కథ రాయాలంటే దీన్నే తీసుకోండి. పది ఊళ్లకు మాత్రం ఇది చాలదు.

ఉల్లి పొరలు

ఇప్పటి ఇంటర్నెట్‌లో పేరు దాచుకునేవాళ్లు ఎక్కువగా వాడేది ఈ పద్ధతి. 1990ల మధ్యలో అమెరికా నౌకాదళ పరిశోధనాశాలలో పుట్టింది, 2002 నుంచి టోర్ పేరుతో జనంలోకి వచ్చింది. సందేశం మీద మూడు పొరల తాళం వేస్తారు. దారిలో ఉన్న మూడు యంత్రాల్లో ఒక్కోటి ఒక్కో పొర విప్పుతుంది. ప్రతి యంత్రానికీ తన ముందు ఉన్నది, తన తర్వాత ఉన్నది తప్ప ఇంకేమీ తెలియదు.

మన నేలలో 1946 నుంచి 1951 దాకా సాగిన సాయుధ పోరాటం గురించి చదివినవాళ్లకు ఈ ఆలోచన కొత్తగా అనిపించదు. ఊరికీ దళానికీ మధ్య చీటీలు, కబుర్లు మోసిన కొరియర్లలో ఆడవాళ్లు, పిల్లలు కూడా ఉన్నారు. మోసేవాళ్లకు తెలియాల్సినంతే తెలిస్తే, దెబ్బలకు నోరు విప్పినా నష్టం అంతవరకే ఉంటుంది. మనుషులతో అల్లే మీ కొరియర్ వ్యవస్థలోనూ ఇదే నియమం పెట్టండి. అమ్రాబాద్ వైపు కథ పోతే చెంచులను దారి చూపే మనుషులుగా మాత్రం వాడుకుని వదిలేయకండి. ఆ అడవిలో ఎవరి మాట ఎవరు మోయాలన్నది నిర్ణయించే చోట కూడా వాళ్లు ఉండాలి.

పొరల పద్ధతి వేగంగా ఉంటుంది, లోపం అక్కడే వస్తుంది. సందేశం ఇటు లోపలికి వెళ్లిన క్షణంలోనే అటు బయటికి వస్తుంది. రెండు కొసలనూ చూస్తున్న దొర పొరలు విప్పాల్సిన పని లేదు, గడియారం చూసుకుంటే చాలు. పైగా ఇది జనం ఎక్కువగా వాడితేనే మనిషిని దాస్తుంది. లోకం మొత్తానికి అరవై మంది తిరుగుబాటుదారులుండి ఆ అరవై మందే దీన్ని వాడితే, వాడటమే నేరానికి సాక్ష్యం అవుతుంది. హైదరాబాద్ అంత నగరం మీ లోకంలో ఉంటే తీసుకోండి. మెట్ట ఊళ్లకు నేను సిఫారసు చేయను.

మెమరీ కార్డు

పాలమూరు నుంచి పనికి పోయే బస్సులు మీ లోకంలో ఉంటే దీన్ని మరిచిపోకండి. గోరంత మెమరీ కార్డు దేన్నైనా మోస్తుంది, గాల్లో జాడ వదలదు. క్యూబాలో సినిమాలు, వార్తలు నింపిన హార్డ్ డిస్కులు వారం వారం చేతులు మారుతూ దేశమంతా తిరుగుతాయి. వలస కూలీ మూటలో ఒక కార్డు పోతే ఏ టవర్‌కూ తెలియదు. దొరికితే మాత్రం మోసినవాళ్లు దొరికినట్టే, ఏం మోస్తున్నారో వాళ్లకు తెలియకపోయినా సరే. తెలియని మనిషి నెత్తిన ఈ బరువు పెట్టవచ్చా అని మీ పాత్రలు కొట్లాడుకోవాలి. కొట్లాడుకోకపోతే ఆ తిరుగుబాటు మీద నాకు నమ్మకం కుదరదు.

పడుగులో సగం, పేకలో సగం

నాకు అన్నింటికంటే ఇష్టమైనది ఇది. పోచంపల్లి, పుట్టపాక చీరల్లో రంగు గుడ్డకు కాదు, నేయకముందే నూలుకు అద్దుతారు. ఆసు పోసి (అంటే మేకుల చుట్టూ నూలు చుట్టి), గుర్తులు పెట్టి, కట్లు కట్టి, రంగులో ముంచి, విప్పి, మళ్లీ కట్టి ఇంకో రంగులో ముంచుతారు. ఆ నూలు కండెలను చూస్తే బొమ్మ కనిపించదు, రంగు మరకలే. మగ్గం మీద వరుస కుదిరాకే బొమ్మ బయటికి వస్తుంది. పుట్టపాక తేలియా రుమాలులోనైతే పడుగుకూ (నిలువు పోగులు) పేకకూ (అడ్డ పోగులు) రెండింటికీ కట్లు కట్టి అద్దుతారు, రెండూ సరిగ్గా కలవాలి.

ఇప్పుడు ఊహించండి. పడుగు ఒక ఊళ్లో తయారవుతుంది, పేక ఇంకో ఊళ్లో. పడుగులో సగం మాట, పేకలో సగం మాట. ఏ ఒక్కటి దొరికినా దానికి అర్థం లేదు. మూడో ఊళ్లో మగ్గం మీద కలిస్తేనే మాట చదవగలం. లెక్కల్లో దీనికి తోబుట్టువు ఉంది: 1994లో మోనీ నాయోర్, ఆదీ షమీర్ అనే ఇద్దరు, చుక్కలు చుక్కలుగా ఉన్న రెండు పారదర్శక షీట్లు ఒకదాని మీద ఒకటి పెడితే తప్ప బొమ్మ కనిపించని పద్ధతిని ప్రకటించారు. విడిగా ఏ షీటు చూసినా అందులో రవ్వంత రహస్యం కూడా ఉండదు. మన నేతగాళ్ల చేతిలో దానికి కావలసిన పనితనమంతా ఉంది.

ఖర్చు కాలం. చీర నేయడానికి రోజులూ వారాలూ పడుతుంది, ‘రేపు దాడి’ అన్న మాట దీనిలో పోదు. చట్టాలు, ప్రమాణాలు, పేర్ల జాబితాలు, ఏళ్ల తరబడి దాచాల్సిన మాటలు పోతాయి. లోపం ఏంటంటే, పనితనం చూసి ఇది ఫలానా ఇంటి నేత అని పసిగట్టగల మనుషులుంటారు. దొర అలాంటి ఒక్క మనిషిని కొనేస్తే చాలు, మొత్తం కుటుంబం దొరికిపోతుంది. ఈ సాధనం రాసేవాళ్లు ఆ ఇంటి గురించి కూడా రాయాలి. ఆసు పోసే ఆడమనిషి భుజం నొప్పి కథలో లేకుండా చీరలో రహస్యం పెడితే అది ఉత్త అలంకారం.

అందరికీ వినిపించే అంకెలు

ప్రతి రాత్రీ ఒక గొంతు రేడియోలో అంకెలు చదువుతుంది. ఎవరైనా వినవచ్చు. ఎవరి కోసమో చెప్పలేం. ప్రచ్ఛన్న యుద్ధ కాలంలో ఇలాంటి స్టేషన్లు ప్రపంచమంతటా వినిపించేవి. వినేవాళ్లు ఏ సిగ్నలూ పంపరు కాబట్టి దొర వాళ్లను గుర్తించలేడు. అందుకునేవాళ్లను దాచడంలో దీన్ని మించింది లేదు. ఆ అంకెలను విప్పడానికి సందేశమంత పొడవున్న, గాలివాటంగా తీసిన అంకెల కాగితం ఒకటి ముందే ఇచ్చి ఉంచాలి. ఆ కాగితం ఒక్కసారే వాడితే దాన్ని ఎవరూ విప్పలేరని క్లాడ్ షానన్ 1949లో ప్రచురించిన వ్యాసంలో నిరూపించాడు. రెండోసారి వాడితే విప్పవచ్చు. సోవియట్ వాళ్లు కొన్ని కాగితాలను మళ్లీ వాడటం వల్లే వెనోనా అనే పథకంలో అమెరికా ఆ సోవియట్ సందేశాలు కొన్ని చదవగలిగింది. కాగితాలు అయిపోయిన ఊరు ఒకటి పాతదాన్నే మళ్లీ తీసే రాత్రి గురించి మీ బృందంలో ఎవరో ఒకరు తప్పకుండా రాయాలి.

అంగడి పెట్టె

ఇప్పుడు నా ఎంపిక. 1981లో డేవిడ్ చామ్ ప్రతిపాదించిన పద్ధతి: మధ్యలో ఒక చోట చాలామంది సందేశాలు పోగవుతాయి. అన్నీ ఒకే సైజు. సరిపడా పోగయ్యేదాకా ఏదీ బయటికి పోదు. తర్వాత తాళం పొర విప్పి, వరుస మార్చి, అన్నింటినీ ఒకేసారి వదులుతారు. లోపలికి వెళ్లినదేదో బయటికి వచ్చినదేదో జత కలపలేరు. గడియారం చూసుకునే దొరకు ఇక్కడ పని లేదు.

ఇది మన అంగడికి అచ్చంగా సరిపోతుంది. వారానికొకసారి చుట్టూ ఊళ్ల జనం ఒక చోటికి వస్తారు, సాయంత్రానికి వెళ్లిపోతారు. అక్కడ ఒక పెట్టె పెట్టుకోవాలి. అందులో వేసే చీటీలన్నీ ఒకే కొలతలో మడవాలి, పంపాల్సిన మాట లేని వారం కూడా ప్రతి ఊరూ ఉత్తుత్తి చీటీ ఒకటి వేయాలి. అప్పుడు ఏ వారం నిజంగా కబురు నడిచిందో కూడా దొరకు తెలియదు. పెద్ద కలయిక కావాలంటే జాతర ఉంది: మాఘంలో చెర్వుగట్టు, కార్తీకంలో కురుమూర్తి, చైత్ర పున్నమికి నల్లమల లోపల సలేశ్వరం, రెండేళ్లకోసారి దురాజ్‌పల్లి పెద్దగట్టు. వేలాది మంది వచ్చిపోయే చోట ఎవరు ఎవరిని కలిశారో రాసుకోవడం ఏ దొర తరమూ కాదు. మీ లోకంలో ఈ జాతరలకు పేర్లు మార్చి పెట్టుకోండి. నిజమైన దేవుడి గుడిలో కుట్ర జరిగినట్టు రాస్తే భక్తితో వెళ్లేవాళ్లకు బాధ కలుగుతుంది.

లోపం పెట్టె దగ్గర కూర్చునే మనిషి. ఆ మనిషి అమ్ముడుపోతే జతలన్నీ తెలుస్తాయి. అందుకే వరసగా రెండు మూడు అంగళ్ల గుండా పంపాలి, వాటిలో ఒక్కరు నిజాయితీగా ఉన్నా జత తెగుతుంది. ఒక్కో అంగడికి ఒక్కో వారం కలుస్తుంది. అంటే గద్వాల నుంచి నల్లగొండకు మాట చేరడానికి మూడు వారాలు పట్టవచ్చు.

ఆ మూడు వారాలే కలిసి రాసేవాళ్లకు దక్కే లాభం. వేగమైన సాధనం ఉన్న లోకంలో నేను నల్లగొండలో ఒక చెరువు కట్ట తెంపితే, గద్వాల రాసే ఆమె అదే రోజు తన పాత్రలకు ఆ సంగతి తెలిసినట్టు రాయాలి. రోజూ ఒకరి కోసం ఒకరు ఆగాలి, లేదా ఒకరు రాసింది ఇంకొకరు కొట్టేయాలి. అంగడి పెట్టె ఉన్న లోకంలో ఆమెకు మూడు వారాల స్వేచ్ఛ ఉంది. తన పాత్రలు పాత కబురు నమ్ముకుని నిర్ణయాలు తీసుకుంటాయి, ఆ నిర్ణయాల వల్ల కొత్త చిక్కులు పుడతాయి. పట్టుబడిన మనిషి ఇంకా బయటే ఉన్నాడనుకుని అతని పేరు మీద చీటీ వేస్తారు. రాజీ కుదిరాక కూడా ఒక ఊరు పోరాడుతూనే ఉంటుంది. మనిషిని దాచడానికి చెల్లించే ఆలస్యమే రాసేవాళ్లకు చోటిస్తుంది.

మీ లోకానికి ఏది

ఇద్దరే రాస్తుంటే, కథ ఒకటి రెండు రోజుల్లో ముగిసేదైతే అద్దం గానీ గుట్ట రేడియో గానీ చాలు. ముగ్గురికి మించి రాస్తున్నారంటే అంగడి పెట్టెను ఆధారంగా పెట్టుకుని, అత్యవసరానికి అంకెల రేడియోను పక్కన ఉంచండి. ఊళ్ల నుంచి పైకి మాట పెట్టె గుండా నిదానంగా వస్తుంది, కింది ఊళ్లకు ఆజ్ఞ అంకెల్లో ఒకేసారి వినిపిస్తుంది. అప్పుడు పైనున్నవాళ్లు ఎప్పుడూ మూడు వారాల పాత సంగతులు తెలుసుకుని ఇవాళ్టి ఆజ్ఞలు ఇస్తుంటారు. చీర నేతను తరాల మధ్య నడిచే కథకు దాచుకోండి.

ఏది తీసుకున్నా దాని లోపాన్ని మొదటి రోజే ఒక పుస్తకంలో అందరూ కలిసి రాసిపెట్టండి: దేనితో బయటపడుతుంది, ఎవరు బయటపెట్టగలరు, బయటపడితే ముందు ఎవరి ఇంటికి వస్తారు. ఆ లోపాన్ని ఏ ఒక్కరూ తన అధ్యాయంలో తోచినట్టు పూడ్చడానికి వీల్లేదు. కొత్తగా చేరిన రచయిత తన ఊరికి ఇంకా వేగమైన సాధనం కావాలని అడిగితే ఇవ్వండి, కానీ దాని వల్ల పట్టుబడే పాత్ర పేరు ఆ రోజే అదే పుస్తకంలో ఆ రచయిత చేతే రాయించండి.